కట్టను కాసేదెవరు?

అమెరికాలోని హెర్న్‌డన్‌లో ఉన్నా, అనంతపురంలో ఉన్నా మట్టి కట్టకు కావలసింది ఒకటే: ఏటా వానలకు ముందు దాని మీద నడిచి చూసే మనిషి. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం నుంచి నేటి వర్జీనియా చట్టం దాకా చెరువు కట్టల కథ ఇది.

ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చాయంటే హెర్న్‌డన్‌లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం వీడియోలు తిరుగుతుంటాయి. అలుగు మీంచి నీళ్లు తెల్లగా దూకుతుంటాయి. మోకాలి లోతు నీళ్లలో కుర్రాళ్లు చేపల కోసం ఎగబడుతుంటారు. ఎవరో పెద్దాయన కొబ్బరికాయ కొడతాడు. 'ఎన్నేళ్లకు నిండింది రా మన చెరువు!' అని వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. తెలంగాణ వాళ్లు 'మత్తడి దుంకుతోంది' అంటారు. సీమ వాళ్లు 'మరువ పారింది' అంటారు. మాట ఏదైనా సంబరం ఒకటే. ఈ ఏడు పంటకు ఢోకా లేదు, బోర్లలో నీళ్లు ఊరతాయి, పశువులకు తాగునీటి బెంగ తీరింది.

హెర్న్‌డన్ అంటే వర్జీనియా రాష్ట్రంలో, డల్లెస్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న చిన్న పట్టణం. జనాభా పాతిక వేలకు అటూ ఇటూ. చుట్టుపక్కల ఐటీ కంపెనీలు, డేటా సెంటర్లు వచ్చాక ఇక్కడా, పక్కనున్న లౌడన్ కౌంటీలోనూ తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. ఆ వీడియో చూసి మురిసిపోయే వాళ్లలో చాలామంది ఇంటి వెనకే ఒక మట్టి కట్ట ఉంటుంది. రోజూ సాయంత్రం దాని పక్కనే నడుస్తారు కానీ దాన్ని చెరువుతో పోల్చాలని తోచదు. ఇళ్ల సముదాయాల మధ్య కట్టిన 'స్టార్మ్‌వాటర్ పాండ్' అది. చుట్టూ గడ్డి పెంచిన కట్ట, నీళ్ల మధ్య నిలువుగా ఒక కాంక్రీటు గూడు, చెత్త చొరబడకుండా దానికి ఇనుప చువ్వల జాలీ, ఒక పక్క కట్ట కన్నా కాస్త పల్లంగా గడ్డి పరిచిన దారి. ఆ కాంక్రీటు గూడే తూము. ఆ పల్లపు దారే అలుగు.

పని మాత్రం తలకిందులు. హెర్న్‌డన్‌లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అదీ పన్నెండు నెలలకూ సర్దుకుని. నీళ్లు దాచుకోవలసిన అవసరం లేదు. రోడ్ల మీద, పార్కింగ్ స్థలాల మీద పడ్డ నీరు ఒక్కసారిగా వాగు మీద పడకుండా కాసేపు పట్టి ఉంచి, షుగర్‌లాండ్ రన్ అనే వాగులోకి మెల్లగా వదలడమే ఆ కట్ట పని. ఆ వాగు ఉత్తరానికి పోయి పొటోమాక్ నదిలో కలుస్తుంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులో పెద్ద వాటా కొన్ని గట్టి వానల్లోనే పడిపోతుంది. ఆ కొద్ది వానలను ఏడాది పొడుగునా వాడుకోవాలంటే వాగుకు అడ్డంగా కట్ట వేసి తీరాలి. మన మెట్ట ఊళ్లు పుట్టిందే ఆ కట్టల కింద.

తేట ఊట, బురద ఊట

మట్టి కట్ట నీళ్లను పూర్తిగా ఆపదు. కట్ట లోపలికి నీరు ఎప్పుడూ ఇంకుతూనే ఉంటుంది, అవతలి వైపు కింద ఎక్కడో చెమ్మగా బయటపడుతుంది. కాబట్టే కట్ట అడుగు వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. నీళ్ల వైపు అలల తాకిడికి మట్టి కరగకుండా రాళ్లు పేరుస్తారు. ఊట తేటగా ఉన్నంతసేపు భయం లేదు. అది బురద రంగు తిరిగిందంటే లోపల మట్టి కదులుతున్నట్టే. దాన్నే ఊళ్లో 'బుంగ పడింది' అంటారు. ఎండ్రకాయల బొరియ, ఎలుక కన్నం, చచ్చిపోయిన చెట్టు వేరు కుళ్లి మిగిల్చిన సందు, తూము గోడకూ మట్టికీ మధ్య పడ్డ చీలిక... బుంగ మొదలయ్యేది ఇలాంటి చోట్లే. అర్ధరాత్రి బుంగ కనిపిస్తే ఊరంతా లేచి చేసే పని ఒకటుంది. నీరు బయటికి చిమ్మే చోట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేరుస్తారు. నీరు ఆ గుండ్రంలో నిలిచి, లోపలి ఒత్తిడికి ఎదురొత్తిడి ఇస్తుంది. మట్టి కొట్టుకురావడం తగ్గుతుంది. అమెరికా ఇంజినీర్లు వరద గట్ల మీద చేసేదీ సరిగ్గా ఇదే.

రెండో ప్రమాదం నీరు కట్ట పైనుంచి పొర్లడం. మట్టి కట్టకు ఇంతకు మించిన గండం లేదు. పొర్లిన నీరు అవతలి వాలును కోసుకుంటూ వెనక్కి వస్తుంది, గంటల్లో గండి పడుతుంది. అమెరికాలో తెగిన డ్యాంలలో మూడింట ఒక వంతు ఇలా పోయినవే. అందుకే అలుగును కట్ట కన్నా తక్కువ ఎత్తులో పెడతారు. నిండిన చెరువు తనంతట తాను నీళ్లు వదిలేసుకోవడానికి ఉన్న దారి అది. ఆ దారి మూసుకుపోతే కట్ట ఎంత గట్టిదైనా లాభం లేదు.

మూసేది ఎవరంటే చాలాచోట్ల మనమే. ఇంకో అడుగు నీళ్లు నిలిస్తే ఇంకో పది ఎకరాలు పారుతుందని ఆయకట్టు రైతు అలుగు మీద ఇసుక బస్తాలు వేస్తాడు. చేపపిల్లలు కొట్టుకుపోతాయని చేపల గుత్తేదారు అలుగుకు అడ్డంగా వల కడతాడు. ఆ వలకు కంప, తామర తూడు, ప్లాస్టిక్ సంచులు చిక్కుకుంటాయి. అలుగు సగం మూతపడుతుంది. చెరువు గర్భంలోని శిఖం భూమిలో ఇల్లు కట్టుకున్నవాడు తన గోడ మునగకుండా అదే అలుగును లోతుగా తవ్వేస్తాడు. ముగ్గురి అవసరాలూ అర్థమయ్యేవే. నష్టం వచ్చినప్పుడు మాత్రం అది కట్ట కింద ఉన్న ఊరి మీద పడుతుంది.

పోరుమామిళ్ల చెప్పిన ఆరు దోషాలు

ఈ గొడవలు కొత్తవి కావు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర చక్రవర్తి బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో పూర్తి చేయించాడు. ఉదయగిరి నుంచి ఏలుతున్న ఆ రాకుమారుడు వేయించిన సంస్కృత శాసనం, చెరువు తవ్వించినందుకు వచ్చే పుణ్యం గురించి చెప్పి ఊరుకోలేదు. రోజుకు వెయ్యిమంది కూలీలు, కట్టకూ తూములకూ రాళ్లు మోసే వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెప్పింది. అక్కడితో ఆగకుండా మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను ఏకరువు పెట్టింది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీపి నీళ్ల ఏరు, రెండు కొండల నడుమ మరీ పొడవు కాని దృఢమైన కట్ట, లోతూ విశాలమూ ఉన్న గర్భం, దగ్గర్లోనే పొడవాటి రాళ్లు దొరికే గని, కింద చదునైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషులు. ఇప్పటి ఇంజినీరు సర్వే నివేదికలో రాసేవీ దాదాపు ఇవే.

ఆపైన ఆరు దోషాలు చెప్పింది. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడిమధ్య మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. వీటిలో ఐదు దోషాలు నేలకూ నీటికీ సంబంధించినవి. సరిహద్దు దోషం ఒక్కటే మనుషులకు సంబంధించింది. కట్ట ఒకరిది, నీళ్లు ఇంకొకరివి అయితే మరమ్మతు ఎవరిదన్న ప్రశ్న తెగదని ఆ శాసనం రాసినవాళ్లకు తెలుసు.

ఆ దోషం ఏం చేస్తుందో 2024 జులై 18న చూశాం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలంలోని పెద్దవాగు ప్రాజెక్టు మట్టి కట్టకు ఆ రోజు గండి పడింది. కట్ట తెలంగాణలో ఉంది. ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. రాష్ట్ర విభజన తర్వాత దాని బాగోగులు రెండు ప్రభుత్వాలకూ గోదావరి నదీ యాజమాన్య బోర్డుకూ నడుమ నలిగాయి. కుండపోత వానకు వరద ముంచెత్తింది, గేట్లు సకాలంలో ఎత్తలేదన్న విమర్శలు వచ్చాయి. కట్ట తెగాక నీళ్లు సరిహద్దు దాటి వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్లమీద పడ్డాయి. పశువులు కొట్టుకుపోయాయి, పొలాల్లో ఇసుక మేట వేసింది.

అంతకు మూడేళ్ల ముందు, 2021 నవంబరు 19న, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట పోయింది. ఎగువన పించా ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీళ్లు వచ్చి దాని మీద పడ్డాయి. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర మంత్రి పార్లమెంటులో చెప్పారు. రాజంపేట చుట్టుపక్కల ఊళ్లు ఊళ్లే కొట్టుకుపోయాయి. ఇంకా వెనక్కి వెళితే 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. హైదరాబాద్‌కు ఎగువన మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని ఆ తర్వాత దర్యాప్తు చేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. గొలుసుకట్టు చెరువుల గుణమే అంత. మంచి రోజుల్లో పై చెరువు అలుగు కింది చెరువును నింపుతుంది. చెడ్డ రోజున పై చెరువు గండి కింది కట్టను తెంచుతుంది. కింది ఊరివాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా పై ఊరివాడి నిర్లక్ష్యం అతన్ని ముంచేస్తుంది.

చేపల కోసం పెట్టిన జాలీ

అలుగుకు వల కట్టే పని మనవాళ్లే చేశారనుకుంటే పొరపాటు. హెర్న్‌డన్ నుంచి కారులో వాయవ్యంగా మూడు గంటల పైచిలుకు వెళితే పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్ వస్తుంది. ఆ ఊరికి 14 మైళ్ల ఎగువన సౌత్ ఫోర్క్ దగ్గర 72 అడుగుల ఎత్తు మట్టి డ్యాం ఉండేది. 1879లో పిట్స్‌బర్గ్ సంపన్నులు దాన్ని కొని వేట, చేపల క్లబ్బు పెట్టుకున్నారు. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ వంటి ఉక్కు కుబేరులు అందులో సభ్యులు. అడుగున నీళ్లు వదిలే ఇనుప గొట్టాలను అంతకు ముందటి యజమాని పీకి తుక్కు కింద అమ్మేశాడు. క్లబ్బువాళ్లు వాటిని మళ్లీ పెట్టలేదు. కట్ట మీద రెండు గుర్రపు బళ్లు ఎదురెదురుగా పోవడానికి వీలుగా కట్ట ఎత్తు తగ్గించారు. డబ్బు పోసి తెచ్చి వదిలిన చేపలు పోకుండా అలుగుకు ఇనుప జాలీ బిగించారు.

1889 మే 31న కుండపోత. కొట్టుకొచ్చిన కొమ్మలు, చెత్త జాలీకి పట్టేశాయి. నీరు కట్ట పైకి ఎక్కింది. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో కట్ట కరిగిపోయింది. 2,209 మంది చనిపోయారు. ఇది దైవికమని చెప్పి కోర్టుల్లో క్లబ్బు తప్పించుకుంది. ఆ రోజు జరిగిన దాంట్లో దైవికం ఒక్క వానే. గొట్టం, జాలీ, తగ్గించిన ఎత్తు, మూడూ మనిషి చేసినవే. మన చేపల గుత్తేదారు వలకూ, ఉక్కు కుబేరుల ఇనుప జాలీకీ తేడా ఖరీదులోనే.

చెట్టును నమ్మని చట్టం

ఇలాంటి పాఠాలు నేర్చుకుని రాసుకున్నవే ఇప్పటి అమెరికా రాష్ట్రాల డ్యాం చట్టాలు. వర్జీనియా చట్టంలో ఒక నిబంధన మన ఊళ్లకు వింతగా తోస్తుంది. డ్యాం యజమాని కట్ట వాలుల మీద గానీ, పైన గానీ, అలుగు దారిలో గానీ, కట్ట మొదలు నుంచి 25 అడుగుల లోపు గానీ చెట్టూ పొదా పెరగనివ్వకూడదు. పెరిగితే తీసేయాలి. గడ్డి ఒక్కటే ఉండాలి, అదీ కోస్తూ ఉండాలి. గడ్డి పొట్టిగా ఉంటే చెమ్మ, చీలిక, జంతువుల బొరియ కంటికి కనిపిస్తాయి. చెట్టు గాలికి కూలితే వేళ్లతో పాటు కట్టలో గొయ్యి పడుతుంది. ఎండిపోతే వేరు కుళ్లి లోపల సొరంగం మిగులుతుంది.

మన కట్టల మీద నడవాలంటే సర్కారు తుమ్మ ముళ్లను తప్పించుకుంటూ నడవాలి. తాటి, ఈత వేళ్లు మట్టిని పీచులా పట్టి ఉంచుతాయని మనవాళ్ల నమ్మకం. కట్టల మీద ఈత మొక్కలు నాటే కార్యక్రమాలూ జరిగాయి. వర్జీనియా చట్టం ఏ చెట్టునూ నమ్మదు. మన వాతావరణానికి ఆ నిబంధన యథాతథంగా అవసరమా అన్నది ఇంజినీర్లు తేల్చాలి. కట్ట ఒళ్లు కంటికి కనిపించాలన్న సూత్రం మాత్రం ఎక్కడైనా ఒకటే.

పూడిక విషయంలో లెక్క తిరగబడుతుంది. హెర్న్‌డన్ ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోనే ఉంది లేక్ అకోటింక్. దానిది మట్టి కట్ట కాదు గానీ బాధ అదే. ఏళ్ల తరబడి ఒండ్రు చేరి చెరువు లోతు తగ్గిపోయింది. తవ్వడం ఒక ఎత్తు, తవ్విన మట్టిని ఇళ్ల మధ్య నుంచి లారీల్లో తరలించి ఎక్కడ పోయాలన్నది ఇంకో ఎత్తు. ఖర్చు అంచనా మొదట అనుకున్న దానికి మూడింతలైంది. పూడిక తీయడం మానుకోవడమే మేలని కౌంటీ సిబ్బంది 2023లో సిఫార్సు చేశారు.

మన దగ్గర అదే ఒండ్రు బంగారం. 2015లో తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. ప్రొక్లెయిన్ తవ్వి పోస్తే రైతులు సొంత ట్రాక్టర్లు తెచ్చుకుని ఒండ్రును చేలకు తోలుకున్నారు. వేసవి వచ్చిందంటే చెరువులో ట్రాక్టర్లు బారులు తీరేవి. సన్నని మట్టి కణాలతో, కుళ్లిన ఆకుతో ఉండే ఆ మట్టి ఎర్ర చెలకల్లో నీటిని పట్టి ఉంచుతుంది. అమెరికాలో ఖర్చు కింద రాసుకునేది ఇక్కడ ఎరువు కింద జమ అయింది. ఈ ఒక్క విషయంలో మన ఊరి చెరువుకున్న వెసులుబాటు ఫెయిర్‌ఫాక్స్‌కు లేదు.

ఇంకో హెర్న్‌డన్

అమెరికాలోనే ఇంకో హెర్న్‌డన్ ఉంది. వర్జీనియా హెర్న్‌డన్‌కు 1857లో మునిగిపోతున్న ఓడను వదలకుండా దానితోనే వెళ్లిపోయిన కెప్టెన్ విలియం లూయిస్ హెర్న్‌డన్ పేరు పెట్టారు. కాన్సస్ వాయవ్య మూలన, రాలిన్స్ కౌంటీలో ఉన్న హెర్న్‌డన్‌కు అబ్రహాం లింకన్‌తో కలిసి న్యాయవాద వృత్తి చేసిన విలియం హెర్న్‌డన్ పేరు పెట్టారు. అక్కడ వాన ఏడాదికి 20 అంగుళాలకు అటూ ఇటూ, అంటే అనంతపురం లెక్కకు దగ్గరే. గోధుమ చేలు, గడ్డి మైదానాలు, బీవర్ క్రీక్ అనే సన్నపాటి వాగు. 1930ల కరువులో దుమ్ము తుపాన్లు ఆ మైదానాల మట్టిని ఎగరేసుకుపోయాక, 1935లో అమెరికా ప్రభుత్వం నేల సంరక్షణ శాఖ పెట్టింది. ఆ శాఖ రైతులకు నేర్పిన వాటిలో గట్లు వేయడం, వాలులో నీటి కుంట కట్టుకోవడం ముఖ్యమైనవి. 1948లో ఓక్లహామాలోని కార్డెల్ దగ్గర మొదలుపెట్టి ఆ శాఖ సాయంతో దేశమంతటా పదకొండు వేలకు పైగా చిన్న డ్యాంలు వెలిశాయి. వాటిలో అత్యధికం మట్టి కట్టలే. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో పోహిక్ క్రీక్ మీది రాయల్ లేక్, లేక్ బార్టన్, హంట్స్‌మన్ లేక్ ఆ పథకంలోనివే. యాభై ఏళ్ల ఆయుష్షు అనుకుని కట్టిన వాటిలో చాలావాటికి ఇప్పుడు గడువు దాటిపోయింది. కట్టినప్పుడు కింద పొలాలు ఉండేవి, ఇప్పుడు ఇళ్లు ఉన్నాయి. కట్ట మారకపోయినా ప్రమాదం పెరిగింది.

ఇక్కడే రెండు దేశాలకూ ఒకే లోటు కనిపిస్తుంది. మన డ్యాంల భద్రతా చట్టం 2021లో వచ్చింది. 15 మీటర్లు దాటిన డ్యాంలు, కొన్ని షరతులకు లోబడి 10 నుంచి 15 మీటర్ల మధ్యవి దాని కిందికి వస్తాయి. ఊరి చెరువు కట్ట సాధారణంగా అంత ఎత్తుండదు. వర్జీనియాలోనూ వ్యవసాయానికి వాడే చిన్న డ్యాంలకు చట్టం నుంచి మినహాయింపు ఉంది. అంటే చిన్న మట్టి కట్టను చూసుకోవాల్సింది ఇక్కడైనా అక్కడైనా దాని పక్కన బతికేవాళ్లే.

ఆ పని చేయడానికి మనకు ఒకప్పుడు మనిషి ఉండేవాడు. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలి, కట్టలో ఎక్కడ చెమ్మ కొత్తగా కనిపించింది, అన్నీ అతనికే తెలుసు. పంటలో అతనికి వాటా ఉండేది. కడప, అనంతపురం సీమల్లో చెరువు కట్టించి కాపాడేవారికి దశబంధం ఇనాముగా భూమి ఇచ్చేవారు. కట్ట మీద మైసమ్మ ఉండేది, ఆమెకు బోనం పెట్టడానికైనా ఊరు ఏడాదికోసారి కట్ట ఎక్కేది. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ప్రాణం ఇచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేశారు. ఆ కథ చదివి కన్నీళ్లు పెట్టుకోవచ్చు గానీ, అలుగు బాగుండి ఉంటే ముసలమ్మ ఇంకొన్నేళ్లు బతికేదన్న మాట కూడా అనుకోవాలి. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చి రైతులకు పెత్తనం ఇచ్చింది. ఈలోగా బోరు బావులు వచ్చి చెరువుతో రోజువారీ అవసరాన్ని తెంచేశాయి. తన పొలానికి బోరు ఉన్న రైతు కట్ట ఎందుకు ఎక్కుతాడు?

హెర్న్‌డన్ నుంచి ఊరికి డబ్బు పంపాలనుకునేవాళ్లు ఆలోచించాల్సింది ఇక్కడే. చెరువు పేరు చెబితే మనసు మినీ ట్యాంక్‌బండ్ మీదికి, బెంచీలు, లైట్లు, దాతల పేర్లు చెక్కిన రాయి మీదికి పోతుంది. వాటిలో తప్పు లేదు, కానీ అవి కట్టను ఒక్క రోజు కూడా కాపాడవు. కాపాడేవి చాలా చవక. మే నెలలో కట్ట మీది కంప కొట్టించడం, అలుగు కింది కాలువలో పూడిక తీయించడం, తూము షట్టర్‌కు గ్రీజు పెట్టి ఎత్తి దించి చూడటం, వాన రాత్రుల్లో కట్ట మీద నడవడానికి ఇద్దరు మనుషులకు కూలీ, టార్చి లైట్లు, కట్ట దగ్గర ముందే నింపి పెట్టిన ఇసుక బస్తాలు. ఇంకొకటి వర్జీనియా దగ్గర నేర్చుకోవచ్చు. అక్కడ ప్రమాదకరమైన డ్యాంల యజమానులు కట్ట తెగితే నీరు ఎంత దూరం పోతుందో చూపే పటం, ఎవరికి ఎవరు ముందు ఫోన్ చేయాలో రాసిన ప్రణాళిక సిద్ధంగా ఉంచుకోవాలి. మన ఊరికి అంత తతంగం అక్కర్లేదు. పై చెరువు ఊరి సర్పంచి, కింది చెరువు ఊరి సర్పంచి, ఇరిగేషన్ ఏఈ, పోలీస్ స్టేషన్, నలుగురి నంబర్లున్న ఒక్క కాగితం పంచాయతీ గోడకు అతికిస్తే చాలు.

ఇదంతా ఒక్కసారి చేసి వదిలేస్తే కుదరదు. ఏటా చేయాలి, ఏటా డబ్బు కావాలి. రిబ్బను కత్తిరించే ఫొటో ఉండదు. మత్తడి దుంకిన వీడియో హెర్న్‌డన్‌కు వచ్చినప్పుడు లైకు కొట్టే ముందు, 'అలుగుకు వల ఏమన్నా కట్టారా?' అని అవతలివాణ్ని అడగండి. జవాబు రాకపోతే ఆ రాత్రే ఫోన్ చేయండి.